ప్లే డే లేని బాయి

పిల్లలూ, ఎర్ర చాక్‌పీసు అయిపోయింది.
సగం గుండెకే సరిపోయింది.
మిగతా సగం నీలంతో గీస్తున్నా.
చూసి మోసపోకండి,
మన ఒంట్లో నీలం నెత్తురు ఎక్కడా లేదు.
గాలి దించి వచ్చేటప్పుడు ముదురెరుపు,
ఊపిరితిత్తుల్లో గాలి నింపుకున్నాక నిగనిగలాడే ఎరుపు.
అంతే.

ఈ పాఠం నాకు చెప్పింది సారు కాదు.
మందమర్రి క్వార్టర్ల, కరెంటు పోయిన రాత్రి,
సెకండ్ షిఫ్టు దిగొచ్చిన మా బాపు.
ఏడో తరగతి దాటలేదు.
ఎంత రుద్దినా పోని బొగ్గు
కనురెప్పల అంచున కాటుకలా ఉండేది.
పచ్చిపులుసు కలుపుకుంటూ
నేను చదివేది వింటున్నడు.

"ధమనులు గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోతాయి."
"ఆఁ. ఇన్‌టేక్."
"సిరలు తిరిగి గుండెకు తెస్తాయి."
"గది రిటర్న్. మా బాయిల గూడ గంతే బిడ్డా.
మంచి గాలి ఒక తొవ్వల దిగుతది,
చెడిన గాలి ఇంకో తొవ్వల ఎక్కుతది.
నడుమ తలుపులుంటయి.
మనిషి తోస్తే తెరుసుకుంటయి,
గాలి తోస్తే మూసుకుంటయి."

కవాటాలు అనే మాట మీద వేలు అట్లనే ఉంచి
నేను తలెత్తి చూసిన.
నెత్తురు ముందుకు తోస్తే తెరుచుకుంటాయి,
వెనక్కి మళ్లబోతే మూసుకుంటాయి.
ఆ మూసుకునే చప్పుడే, పిల్లలూ,
డాక్టరమ్మ గొట్టం పెట్టి వినే లబ్... డబ్.

ఇగ బాపు ఆగలేదు.
ఎర్ర కణాలు టబ్బులన్నడు,
పోతా ఒక లోడు, వస్తా ఒక లోడు.
వెంట్రుక కన్నా సన్నని నాళాల్లో అవి
ఒంటి వరుసన, ఒళ్లు ముడుచుకొని దూరుతాయని చదివితే
"మేం పాకినట్టే" అని భుజాలు చూపించిండు.
తెల్ల కణాలు రెస్క్యూ వాళ్లు.
మోకాలు చెక్కుకుపోయినప్పుడు ఉరికొచ్చి
రంధ్రం పూడ్చే చిన్న ముక్కలేమో,
కప్పు రాలే జాగల దిమ్మెలు నిలబెట్టే టింబర్ కూలీలు.

"మరి గుండె ఏంది బాపూ?"
"పైన తిరిగే ఫ్యాను."
"ఫ్యాను ఆగితే?"
మెతుకులు ఒకదిక్కు జరిపిండు.
"మూడు షిఫ్టులూ అదే చేస్తది. దానికి ప్లే డే లేదు.
దసరాకు గూడ లేదు."

అప్పుడు అంగీ పైకి లేపి
పక్కటెముకల మీది కుట్లు చూపించిండు.
కప్పు కూలిన ఏడు, ఏరియా దవాఖానల
మూడు సీసాలు ఎక్కించిండ్రట.
ఓదెలుది ఒకటి, జానిమియాది ఒకటి,
ఇంకోటి ఓవర్‌మన్ భార్యది,
పేరు అడగనే లేదు.

నేను తెలివిగలదాన్ని అనుకునే వయసు.
పెన్సిల్‌తో లెక్క చేసిన.
"ఎర్ర కణం నూటయిరవై రోజులే బతుకుతదట.
వాళ్లది నీ ఒంట్లో ఎప్పుడో అయిపోయింది."
"పుస్తకంల గట్లున్నదా?"
"ఉన్నది."
చెయ్యి కడుక్కున్నడు. తువ్వాలతో తుడుచుకున్నడు.
చాలాసేపు తుడుచుకున్నడు.
"ఆళ్లు డ్యూటీ దిగిండ్రు బిడ్డా," అన్నడు,
"మస్టర్ల పేర్లయితే ఉంటయి."

సరే, కాజీపేట పిల్లలూ,
ఇప్పుడు రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టండి,
బొటనవేలి దిక్కు.
నేను గడియారం చూస్తా.
ఎనభై రెండా? తొంభై అయినా భయం లేదు,
మెట్లెక్కి ఉరికొచ్చిండ్రు కదా.

ఆఖరి బెంచీలో యాకూబ్ ఏడుపు మొహంతో లేచిండు:
"మేడం, నాకు దొరుకుతలేదు."

పోయి వాడి చెయ్యి పట్టుకున్నా.
కొంచెం పక్కకు. ఇంకొంచెం.
ఇగో.
మబ్బు పట్టిన మధ్యాహ్నం, రైలు కూత దూరంగా,
వాడి చర్మం కింద
ఎవరో లోపలి నుంచి తలుపు తడుతున్నరు.